మూల మహిమ

వాడిన బేస్ గిటార్లు, వాటి ఆంప్లిఫయర్లు కొని అమ్మే మనిషిని షావుకారు అని పిలవడం ఎవరు మొదలుపెట్టారో గాని, ఆ పేరు అతనికి కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. అతనికి వాయించడం రాదు. రాదన్న సంగతి దాచుకునేవాడూ కాదు. "బూట్లమ్మేవాణ్ణి పట్టుకుని పరుగు పందెంలో దిగమంటే ఎలా?" అనేవాడు. కానీ గిటారు చేతిలోకి రాగానే బరువెంతో, మెడ ఎటు వంగిందో, లోపలి వైర్లలో ఇదివరకు ఎవరైనా వేలు పెట్టారో లేదో చెప్పేయగలడు. మనుషుల్నీ అలాగే తూచేవాడు. తలుపు తోసుకుని వచ్చిన మనిషి మొదట గిటార్ల వంక చూశాడా, ధర చీటీల వంక చూశాడా, అద్దంలో తనను తాను చూసుకున్నాడా అన్న దాంతోనే సగం బేరం తేలిపోతుందని అతని లెక్క.

షాపు రైలు పెట్టెలాగా పొడుగ్గా, ఇరుగ్గా ఉండేది. ఎడమ గోడకు గిటార్లు వేలాడుతుండేవి. వెనక కిటికీ దగ్గర బల్ల చెల్లెలిది. పదిహేనేళ్ళు రేడియోలు బాగుచేసిన చెయ్యి ఆమెది. అన్న అమ్మేవాడు, చెల్లెలు విప్పి బిగించేది. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ, దెప్పులు ఎక్కువ.

కుడివైపు చివర, రెండు గోడలు కలిసేచోట, ఒక మూల ఉంది. షాపు మొత్తంలో లాభసాటి చోటు అదే. అక్కడ జానెడెత్తు చెక్క అరుగు, లోపలంతా బోలు. ఆ అరుగు మీద, గోడలకు వీపు ఆనించి ఏ ఆంప్లిఫయరు పెట్టినా దాని గొంతు రెండింతలయ్యేది. రెండు గోడలూ నేలా కలిసి కింది స్వరాలన్నిటినీ పోగుచేసి మనిషి మీదికి తోసేవి. బోలు చెక్క దానికి వంత పాడేది. పెట్టింది పిల్లిదైనా వినబడేది పులి గొంతే. ఈ సంగతి షావుకారుకు తెలుసు, చెల్లెలికి తెలుసు. కొనడానికి వచ్చేవాళ్ళకు తెలియదు. అలాగని అతను ఎవరికీ అబద్ధం చెప్పింది లేదు. "రండి, ఇక్కడ కూర్చుని వాయించి చూడండి" అనేవాడు. అంతకన్న ఒక్క మాట ఎక్కువ చెప్పేవాడు కాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం లిఫ్టుల మెకానిక్ వచ్చింది. నలభై మూడేళ్ళ మనిషి. కంపెనీ నీలం రంగు కోటు, మోకాళ్ళకు దళసరి ప్యాడ్లు, గోళ్ళ సందుల్లో గ్రీజు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది. మూడు నెలల క్రితం ఇదే షాపులో ఒక బేస్ గిటారూ, చిన్న ఆంప్లిఫయరూ తీసుకుంది. ధర చీటీ వైపు గాని అద్దం వైపు గాని చూడకుండా, ఈసారి నేరుగా పెద్ద ఆంప్లిఫయరు పెట్టెల దగ్గరికి నడిచింది.

"షావుకారు గారూ, వీటిల్లో అన్నిటికన్నా గట్టిగా అరిచేది ఏది?"

"కూర్చోండమ్మా. ముందు సంగతేంటో చెప్పండి."

"సంగతేముంది. నా వాయింపు ఎవరికీ వినబడట్లేదు. మా బ్యాండులో నలుగురం. డ్రమ్స్ మాస్టారు, ఆయన కోడలు పాడుతుంది, పళ్ళ డాక్టరు కీబోర్డు, నేను. మూడు నెలలుగా మాస్టారు అదే మాట. ఏదో గుడగుడమంటోంది గాని నువ్వేం వాయిస్తున్నావో తెలియట్లేదమ్మా అని. వచ్చే శనివారం హాల్లో ప్రోగ్రాం. ఈ ఆదివారం రిహార్సల్లో కూడా ఇలాగే ఉంటే, నా పని డాక్టరు ఎడమ చేత్తో కానిచ్చేస్తాడట."

"ఎడమ చేత్తోనా?"

"కీబోర్డు మీద ఎడమ పక్క మెట్లు నొక్కితే బేస్ వస్తుంది కదండీ. పాపం మాస్టారు చెడ్డవారు కాదు. పాట నిలబడాలి, ఆయన బాధ ఆయనది." ఆమె మోకాలి ప్యాడు పట్టీ ఒకసారి ఊడదీసి మళ్ళీ అతికించుకుంది. "రోజంతా చీకటి గుంటలో ఒక్కదాన్నే ఉంటానండీ. పైన తాళ్ళు, కింద నూనె. వారానికి ఆ మూడు గంటలే నలుగురితో కలిసి ఏదైనా చేసేది. నలభై దాటాక నేర్చుకున్నాను. ఇది పోతే ఇంకో బ్యాండు నన్ను పిలవదు."

షావుకారు తలూపాడు. జాలి పడలేదని కాదు. జాలి ఒక పక్కన, పెద్ద పెట్టె ఇంకో పక్కన తక్కెట్లో కూర్చున్నాయి. పెద్ద పెట్టె బరువు నలభై కిలోలు. తక్కెడ ఎటు వాలుతుందో వేరే చెప్పాలా? ఆ పెట్టె అప్పటికే మూలలో, అరుగు మీద సిద్ధంగా ఉంది.

"ఇక్కడ కూర్చుని వాయించి చూడండి" అన్నాడు.

ఆమె వాయించింది. బీరువా మీది గాజు సీసాలో తీగలు మీటే పిక్కులు గలగలలాడాయి. ఛాతీలో ఎవరో తట్టి లేపినట్టయింది. ఆమె మొహం వెలిగింది. వెనక బల్ల దగ్గర చెల్లెలు చేతిలో పని ఆపి, తల ఎత్తకుండా, ఒక నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పు అర్థం అన్నకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నాడు.

"బావుంది" అంది మెకానిక్. తర్వాత గిటారు ఒళ్ళో పెట్టుకుని కాసేపు పెట్టె వంకే చూసింది. "కానీ ఆ చిన్నది కూడా ఇక్కడ ఇలాగే మోగిందండీ. మా పనిలో ఒక పద్ధతుంది. ఖాళీ లిఫ్టు ఎక్కి చూసి బాగుందని సంతకం పెట్టం. ఖాళీది ఎప్పుడూ బానే పోతుంది. లోపల ఇసుక మూటలు వేసి, నిండా బరువు పెట్టి చూడాలి. దీన్ని ఆదివారం మా రిహార్సల్‌కి తెస్తారా? అక్కడ నలుగురిలో వినబడితే తీసేసుకుంటాను."

షావుకారు పెట్టె మీది దుమ్ము చేత్తో తుడిచాడు. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా అడగలేదు. తేలేనంటే సరుకు మీద తనకే నమ్మకం లేనట్టు. తెస్తానంటే మూలను మోసుకుపోవడం కుదరదు. రెండువైపులా నష్టమే కనిపించే లెక్కకు సమాధానం వెతుకుతుండగా, వెనక నుంచి చెల్లెలి గొంతు వినబడింది.

"తెస్తాం. ఎన్నింటికి?"

మెకానిక్ వెళ్ళాక అతను చెల్లెలి వైపు తిరిగాడు. "నన్నడక్కుండా మాటిచ్చేశావు."

"నువ్వు మాట్లాడేలోగా సాయంత్రమయ్యేట్టుంది అన్నయ్యా."

"నలభై కిలోలు. ఎవరు మోస్తారు?"

"అమ్మేటప్పుడు లాభం నీదేగా. మోసేటప్పుడు ముందువైపు నీదే."

ఆదివారం పదింటికి అన్నాచెల్లెళ్ళు పెట్టెతో బయలుదేరారు. రిహార్సల్ గది ఒక టైర్ల గిడ్డంగి మీద, మూడో అంతస్తులో. కింద తలుపు దగ్గర మెకానిక్, పొద్దుటి డ్యూటీ నుంచి మోకాలి ప్యాడ్లతోనే వచ్చినట్టుంది, ఎదురొచ్చి పెట్టె ఒక కొస పట్టుకుంది.

"లిఫ్టు లేదా?" అన్నాడు షావుకారు, మెట్ల వంక చూసి.

"ఉంది. నడవదు."

"మరి మీరు..."

"మా కంపెనీది కాదండీ. ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది. వారం వారం దాని ముందు నుంచి తల దించుకుని మెట్లెక్కుతాను."

రెండో అంతస్తు దగ్గర షావుకారు ఆగి ఊపిరి తీసుకున్నాడు. తాను అమ్మిన సరుకును తానే మోయడం అతనికిదే మొదలు. ఇది కొన్నవాళ్ళంతా ఎలా మోశారోనని మొదటిసారి అనుమానం వచ్చింది. వీపుకు తెలిసిన బరువు వేరు, చీటీ మీద రాసిన బరువు వేరు.

గది నిండా రబ్బరు వాసన. ఒక గోడకు పాత తివాచీలు మేకులతో కొట్టి ఉన్నాయి, ఇంకో గోడకు వదులు చట్రాల కిటికీలు. డ్రమ్స్ మాస్టారు సన్నగా, నిటారుగా ఉండే మనిషి. లెక్కల టీచరుగా రిటైరయ్యాడట. కోడలు మైకు తీగ చుట్ట విప్పుతోంది. పళ్ళ డాక్టరు ముప్పై దాటని కుర్రడాక్టరు. అందర్నీ నవ్వుతూ చూస్తాడు. అలా చూస్తున్నప్పుడు అతని చూపు ఎదుటివాళ్ళ పళ్ళ మీదే ఉంటుంది.

పెద్ద పెట్టెకు ప్లగ్గు పెట్టారు. మాస్టారు కర్రలు తట్టి లెక్క చెప్పాడు. పాట మొదలైంది.

షావుకారు నిజానికి చాలా ఏళ్ళుగా ఏ బ్యాండునూ పక్కనే కూర్చుని వినలేదు. షాపులో గిటార్లు ఒక్కొక్కటిగానే మోగేవి. ఇప్పుడు నలుగురివీ ఒక్కసారే మోగుతున్నాయి. కిటికీ అద్దాలు గడగడమంటున్నాయి, కాళ్ళ కింద నేల ఊగుతోంది, తివాచీల్లోంచి దుమ్ము రాలుతోంది. ఇంత హడావుడిలోనూ ఆమె వాయిస్తున్న స్వరం ఏదో తెలియడం లేదు. ఒక స్వరం తోక ఇంకో స్వరం తలను మింగేస్తోంది. డ్రమ్ము దెబ్బ కూడా ఆ బురదలో కూరుకుపోతోంది. కోడలు పాడుతూ పాడుతూ ఒక చెవి మూసుకుంది.

మాస్టారు కర్రలు పైకెత్తి ఆపేశాడు.

"అమ్మా, ఇప్పుడు నువ్వున్నావని తెలుస్తోంది. ఏం అంటున్నావో మాత్రం తెలియట్లేదు."

మెకానిక్ పెట్టె స్విచ్చు ఆపేసింది.

"ఒక అరగంట ఆగుదాం. టీ తాగొద్దాం" అన్నాడు మాస్టారు మెత్తగా. లేస్తూ డాక్టరుతో, ఆమె వైపు చూడకుండా, "ఆ మొదటి పాట ఎడమ చెయ్యి ఒకసారి చూసుకో" అన్నాడు. డాక్టరు మొహమాటంగా, ఆమెకు వినబడకూడదన్నట్టు శబ్దం బాగా తగ్గించుకుని రెండు వరుసలు నొక్కి చూశాడు. ఎంత తగ్గించినా స్వరాలన్నీ వేటికవి, మంచం మీద సర్ది పెట్టిన బట్టల్లా, స్పష్టంగా వినబడ్డాయి. ఆపేసి అతనూ టీకి వెళ్ళాడు.

షావుకారు కిటికీ దగ్గర నిలబడ్డాడు. అతని బుర్రలో ఒక లెక్క తిరగబడుతోంది. ఇదే రకం పెద్ద పెట్టెలు నిరుడు నాలుగు అమ్మాడు. వాటిలో మూడు, ఏడాది తిరక్కుండానే వెనక్కి వచ్చాయి. తెచ్చిన ముగ్గురూ ఒకటే మాట చెప్పారు, బ్యాండు మానేశామని. సగం ధరకు తీసుకుని మళ్ళీ అమ్ముకున్నాడు. అప్పుడది మంచి వ్యాపారంగానే తోచింది. జనానికి ఓపిక ఉండదు, మూడు రోజుల సరదా అనుకున్నాడు. ఇప్పుడు తెలిసింది, వాళ్ళు మానేయలేదు. ఇలాంటి గదుల్లో, ఇలాగే, ఎవరో టీ తాగొద్దామని లేచి ఉంటారు. ముగ్గురూ పెట్టెలు ఇచ్చేశారు గాని గిటార్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. సరదా తీరినవాడైతే గిటారు కూడా తెచ్చి పారేసేవాడు. వ్యాపారికి ఇంత చిన్న సంగతి ఎలా తప్పిపోయిందని అతనికి తన మీద తనకే చిరాకేసింది.

"షావుకారు గారూ" అంది మెకానిక్ వెనక నుంచి. "మీ షాపులో అంత బాగా మోగింది కదా. ఇక్కడేమైంది దీనికి?"

గది బాగాలేదని చెప్పొచ్చు. కిటికీల మీదికి తోసేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెల్లెలు తన సంచి ముడి విప్పుతూ తల ఎత్తి అన్న వంక చూసింది, అంతే.

"పెట్టెకు ఏమీ కాలేదమ్మా. మోగింది పెట్టె కాదు, మా మూల." అతను తివాచీ వంక చూస్తూ చెప్పాడు. "రెండు గోడల మధ్య, బోలు అరుగు మీద పెడితే ఏదైనా అలాగే మోగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అక్కడ పెడతాను. మీకు చిన్నది అమ్మినప్పుడూ అక్కడే వినిపించాను."

ఆమె గిటారు పట్టీ భుజం మీంచి తీసింది.

"అంటే నేను కొన్నది మీ మూలనా?"

"అంతే అనుకోండి."

"మరి డెలివరీ ఇవ్వలేదే."

చెల్లెలు నవ్వు ఆపుకోలేకపోయింది. షావుకారు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇంకాస్త దించుకున్నాడు.

"లేదులెండి, ఒక రకంగా ఇచ్చారు" అంది మెకానిక్, గది చివరికి చెయ్యి చూపించి. "అదుగో."

అక్కడ, రెండు గోడలు కలిసేచోట, తలకిందులుగా బోర్లించిన చెక్క పెట్టె మీద, ఆమె చిన్న ఆంప్లిఫయరు కూర్చుని ఉంది. వీపు గోడకు, మొహం ఆమె కాలి మడమలకు. "మీ షాపులో ఎలా ఉందో అలాగే పెట్టాను. అలా పెట్టాలేమో, అదే పద్ధతేమో అనుకుని. మూడు నెలలు."

షావుకారు దగ్గరికెళ్ళి చూశాడు. కింది స్వరాల నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. మధ్య స్వరాలది పూర్తిగా తగ్గించి ఉంది. షాపులో ఒంటరిగా వింటే గుండె నిండేలా చేసే అమరిక అదే. ఆ రోజు తానే తిప్పి పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు. తన షాపును ఆమె అచ్చుగుద్దినట్టు ఇక్కడ దించింది.

"అరగంట ఉంది" అన్నాడు అతను. గొంతు మారింది. బేరం కుదిరినప్పటి గొంతు కాదు, గోదాములో సరుకు తడిసిందని తెలిసినప్పటి గొంతు. "పెద్దది వద్దు. అది తీసుకోకండి. ఈ చిన్నది చాలు. చెల్లీ, సంచి ఇటు తే."

ముందు ఆంప్లిఫయరును మూల నుంచి పీకారు. గోడకు దూరంగా, ఒక కుర్చీ మీద, స్పీకరు మొహం ఆమె చెవికి సూటిగా ఉండేలా పెట్టారు. "మడమలకు చెవులుండవు కదమ్మా" అన్నాడు షావుకారు. కింది స్వరాల నాబ్ సగం కన్నా కిందికి దించాడు, మధ్య స్వరాలది పెంచాడు.

చెల్లెలు గిటారు బోర్లించి వెనక మూత స్క్రూలు తీసింది. లోపల బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూటు ముక్క ఉంది. కింది స్వరాల్ని ఇంకా లావు చెయ్యడానికి మూడు నెలల క్రితం అన్న మాట మీద తనే పెట్టింది.

"అప్పుడే అన్నాను వద్దని" అంది, టంకం పెట్టే ఇనుము వేడెక్కుతుండగా.

"అన్నావు."

"ఇంకోసారి చెప్పు, చెవికి హాయిగా ఉంది."

"అన్నావమ్మా, అన్నావు. కానివ్వు."

ఆమె సర్క్యూటు ఊడదీసి వైర్లు నేరుగా కలిపి అతికించింది. తీగల మోతను పట్టే పికప్‌లు రెండు. అందులో తీగలు కట్టిన వంతెన పక్కనున్న దాన్ని స్క్రూ తిప్పి తీగలకు కాస్త దగ్గరగా లేపింది. అక్కడే స్వరం అంచు పదునుగా దొరుకుతుంది. ఒక్కొక్క తీగా మీటి విని, తల అడ్డంగా ఊపింది.

"స్వరాలు సాగుతున్నాయి. ఒకటి ఆగకముందే ఇంకోటి వచ్చిపడుతోంది. వంతెన దగ్గర తీగల కింద మెత్తటిదేదైనా పెడితే ఆగుతాయి. స్పాంజి ముక్క ఉంటే బాగుండేది. తేలేదు."

మెకానిక్ వంగి ఎడమ మోకాలి ప్యాడు విప్పింది. జేబులోంచి కత్తి తీసి, లోపలి స్పాంజిలో వేలెడు వెడల్పు ముక్క చక్కగా కోసింది. "సరిపోతుందా?"

"రేపు మోకాలు నొప్పెడుతుంది."

"ఒకటే కదా. రెండోది ఉందిగా."

ముక్క తీగల కింద దూర్చారు. ఆమె గిటారు తగిలించుకుని నాలుగు స్వరాలు వాయించింది. వాయించి ఆపేసింది.

"ఇదా?"

జలుబు చేసిన మనిషి గొంతులా ఉంది. పొట్టిగా, ముక్కుతో మాట్లాడుతున్నట్టు. ఛాతీలో తట్టే ఆ మోత ఎక్కడా లేదు. ఆమె చెయ్యి తనంతట తనే కింది స్వరాల నాబ్ మీదికి వెళ్ళింది.

"ఆగండమ్మా" అన్నాడు షావుకారు. "ఒంటరిగా వింటే బాగుండే సరుకు అమ్మే బతికాను నేను. ఈ గొంతుతో నా షాపులో మేకు కూడా అమ్ముడు పోదు. నా మాట నమ్మమని అడిగే మొహం నాకు లేదు. మీ పద్ధతే చెయ్యండి. బరువు పెట్టి చూడండి. అప్పటికీ బాగోకపోతే ఆ నాబ్ మీ ఇష్టం."

మెట్ల మీద అడుగుల చప్పుడు. ముగ్గురూ తిరిగొచ్చారు. కుర్చీ మీది ఆంప్లిఫయరు చూసి డాక్టరు, "అక్కా, దానికి సీటు ఇచ్చేశారా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మాస్టారు కూర్చున్నాడు. "డాక్టరూ, నువ్వు ఎడమ చెయ్యి వాయిస్తూనే ఉండు. చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్న మాట ఎవరికోసమో గదిలో అందరికీ తెలుసు.

లెక్క చెప్పాడు. పాట మొదలైంది.

మొదటి వరుసలో ఆమె భయపడింది. తన గొంతు తనకే సన్నగా, పరాయిగా వినబడింది. షావుకారు చూస్తుండగానే చెయ్యి జారి నాబ్ దగ్గరికి వెళ్ళింది. రెండు గుర్తులు పెంచింది. అంతే, అద్దాలు గడగడమన్నాయి, స్వరాలు మళ్ళీ బురదలో మునిగాయి. ఆమె ఆ తేడా విన్నది. ఎవరూ చెప్పకుండానే, అదే చేత్తో, నాబ్ వెనక్కి తిప్పింది. ఇంకో గుర్తు అదనంగా కిందికి దించింది.

గది సర్దుకుంది. అంతవరకూ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్న జనం వరుసలో నిలబడ్డట్టయింది. ముక్కుతో మాట్లాడుతోందనిపించిన ఆ గొంతు, డ్రమ్ముకూ కీబోర్డుకూ మధ్య ఖాళీగా ఉన్న సందులోకి పోయి కూర్చుంది. పెద్ద డ్రమ్ము కిందినుంచి మోత ఇచ్చింది, ఆమె తీగ దానికి పేరు పెట్టింది. షావుకారు ఆశ్చర్యంగా విన్నాడు. కావలసిన బరువంతా మాస్టారి పాదం దగ్గరే ఉంది. ఆమె విడిగా మోయాల్సిన పని లేదు. ఇన్నాళ్ళూ బ్యాండులో ముందే ఉన్న బరువునే తాను మళ్ళీ అమ్మాడన్నమాట. కోడలు రెండో చరణంలో వెనక్కి తిరిగి చూసింది, పాట ఆపకుండానే. తర్వాత చెవి మీది చెయ్యి తీసి మైకు రెండు చేతులతో పట్టుకుంది.

పాట అయిపోయింది. మాస్టారు డ్రమ్ముల పక్కనున్న తాళం పళ్ళేన్ని వేళ్ళతో పట్టి మోత ఆపాడు.

"డాక్టరూ, కింద ఇద్దరు నడుస్తున్నారు. ఒకరు ఆగాలి."

మెకానిక్ తీగల మీది చెయ్యి తీయలేదు. షావుకారు కిటికీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఏ బేరంలోనూ అతను ఇలా ఎదురుచూడలేదు.

"నువ్వాగు" అన్నాడు మాస్టారు డాక్టరుతో.

"హమ్మయ్య" అన్నాడు డాక్టరు, ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "ఆ చేత్తో పన్ను పీకమంటే పీకుతాను గానీ ఇది నావల్ల కాదు మాస్టారూ."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే కదా అడిగారు."

మాస్టారు రెండో పాట పేరు చెప్పాడు. మొదటి దానికన్నా వేగం, కింది వరుస మెలికలు ఎక్కువ. డాక్టరు ఎడమ చెయ్యి లేకుండా, ఖాళీ నేల మీద ఆమె ఒక్కతే నడవాలి. లెక్క చెప్పాడు. నడిచింది. మొదటి వరుస, రెండు, మూడు. చెల్లెలు సంచి సర్దుతున్నదల్లా ఆపి, గోడకు ఆనుకుని, కాలితో తాళం వేస్తోంది. షావుకారు కిటికీ అంచు మీద వేలితో తట్టబోయి, తప్పుతుందేమోనని మానుకున్నాడు.

నాలుగో వరుసలో ఒక స్వరం తప్పు పడింది.

కప్పిపుచ్చే మోత లేదు, మింగేసే బురద లేదు. తెల్ల గుడ్డ మీద సిరా చుక్కలా అందరికీ వినబడింది. కోడలు పదం మధ్యలో తడబడింది. మాస్టారు కర్రలు పైకెత్తాడు. మెకానిక్ మొహం పాలిపోయింది.

"అమ్మా, ఆ నాలుగో వరుస నువ్వు ఎప్పుడూ అలాగే వాయిస్తావా?"

ఆమె అబద్ధం ఆడలేదు. "అలాగేనండీ. మొదటి రోజు నుంచీ."

"మూడు నెలలుగా?"

"మూడు నెలలుగా."

మాస్టారు ఆమె వంక చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలియడానికి అందరికీ కాస్త సమయం పట్టింది.

"మూడు నెలలు నా పక్కనే ఉండి తప్పు వాయిస్తే నాకు తెలియలేదు. ఇవాళ తెలిసింది. తెలిస్తేనే కదా దిద్దేది." కర్ర కొసతో గాలిలో చూపించాడు. "అక్కడ కిందికి దిగకు, పైకెక్కు. రెండు మెట్లు. డాక్టరూ, ఒకసారి నొక్కి చూపించు."

డాక్టరు నొక్కాడు. ఆమె వేళ్ళు తీగ మీద పైకి జరిగి ఆ స్వరాన్ని వెతుక్కున్నాయి. ఒకసారి తప్పింది. రెండోసారి దొరికింది. పొట్టిగా, పొడిగా, ముక్కుతో. సరిగ్గా అదే స్వరం.

"శనివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి" అన్నాడు మాస్టారు. "ఆలోగా ఇంకా ఎన్ని తప్పులున్నాయో అన్నీ బయటపడాలి. మొదటి నుంచి."

కర్రలు తట్టాడు.